చింగికి బయటి సంబంధం

సుందరాబాయి కుదిర్చిన సంబంధాలు నలభైమూడు. అందులో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ మాట ఆమే చెప్పుకుంటే గొప్పలు పోతోందనుకోవచ్చు గానీ, సోలాపూర్ నీలం నగర్‌లో ఏ గడప ఎక్కి అడిగినా ఇదే చెబుతారు. ఏ ఇంటిపేరు వాళ్లు ఏ ఇంటిపేరు వాళ్లకు పిల్లనివ్వచ్చు, ఎవరి తాత కరీంనగర్ నుంచి వచ్చాడు, ఎవరి అమ్మమ్మ ఎవరికి వరసకు ఏమవుతుంది, అన్నీ ఆమె నాలుక మీదే ఉంటాయి. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చుడుతూనే ఒక లగ్గం ఖాయం చేసి లేస్తుంది.

ఒక్కటే వింత. ఆమె బీడీలు చుడుతుంది గానీ ఆకు కత్తిరించదు. తునికాకు మీద రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో కోయడం బీడీ పనిలో సగం. ఆ సగం ఎదురింటి పార్వతీబాయి చేస్తుంది. బదులుగా సుందరాబాయి ఆమె వంతు బీడీలు కూడా చుట్టి పెడుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే ఏర్పాటు, అంతకుముందు ఇంకో పొరుగామెతో. "మా సుందరక్క మహరాణి, కత్తెర పడితే వేళ్లు కందుతయి" అని గల్లీ ఆడవాళ్లు ఆటపట్టిస్తే తనూ నవ్వేస్తుంది తప్ప ఎందుకో చెప్పదు. ఆ ఇంట్లో కత్తెరన్న వస్తువే లేదు. ఆమె మొగుడు సిద్ధరాములు మగ్గం నేసినన్నాళ్లూ దారం పళ్లతోనే తెంపాడు.

ఇక చింగి సంగతి. సంబంధం కుదిర్చినందుకు చీర పెట్టినవాళ్లున్నారు, గిన్నె పెట్టినవాళ్లున్నారు. కుక్కపిల్లను పెట్టినవాడు జోడ్‌భావి పేట్ లక్ష్మణ్ ఒక్కడే. వాళ్లింట్లో బిజిలీ అనే తెల్ల బొచ్చుకుక్క ఈనితే, రెండు నెలల పిల్లను గంపలో పెట్టి తెచ్చి సుందరాబాయి ఒళ్లో వదిలాడు. "మనుషులకే జాగ లేని ఇంట్ల గీ బొచ్చుముద్దనేడ పెట్టాలెరా?" అని ఆమె మూడు రోజులు సణిగింది. నాలుగో రోజు ఆ ముద్ద ఆమె పాదం మీద తలపెట్టి నిద్రపోయింది. అంతే. కాలు తిమ్మిరెక్కినా కదపకుండా ఆ పూట ఎనిమిది వందల బీడీలు చుట్టింది మహాతల్లి. చింగి అని పేరు పెట్టింది తనే. పొగాకు ఘాటుకు తుమ్ముతూ చింగి ఆమెకు వీపు పెట్టి కూర్చునేది గానీ, పక్కనుంచి లేచేది కాదు.

తొంభైనాలుగు శివరాత్రి దాటిన వారానికి చింగి మొదటిసారి ఎదకొచ్చింది. పొద్దున తలుపు తీసేసరికి గల్లీ మగకుక్కలన్నీ వరసగా వాకిట్లో కొలువుతీరి ఉన్నాయి. సిద్ధరాములు కర్ర పట్టుకుని గడపలో కాపలా కూర్చున్నాడు. సుందరాబాయి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"మామా, పిల్ల ఈడుకొచ్చింది. ఇగ సంబంధం సూడాలె" అంది.

మొగుణ్ణి ఆమె మామా అనే పిలుస్తుంది. ఆయన ఆమెకు సొంత మేనమామ, అమ్మకు తమ్ముడు. పదిహేనో ఏట ఆయనతో లగ్గమైంది. ఆమెకు అరవై దగ్గరపడుతున్నా ఆయన "పిల్లా" అనే అంటాడు.

ఆ మధ్యాహ్నమే రిక్షా కట్టించుకుని జోడ్‌భావి పేట్ వెళ్లింది. లక్ష్మణ్ ఇంట్లో బిజిలీతోపాటు పుట్టిన మగకుక్క ఉంది, మోతీ. ఆమెను చూడగానే వాడు వెనక కాలొకటి ఎత్తి మూడు కాళ్ల మీద గెంతుతూ ఎదురొచ్చాడు.

"సూడు, పెండ్లికొడుకు అప్పుడే డాన్సు చేస్తున్నడు!" అని ఆమె అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు.

"మోతీ బిజిలీకి తోడబుట్టినోడే గదరా లక్ష్మణ్?"

"అవునత్తా, ఒక్క ఈతల పుట్టినయి."

"అంటే మా చింగికి సొంత మేనమామ! అగ బాయీ, చంకల పిల్లను వెట్టుకొని ఊరంత ఎతికినట్టున్నది నా కథ. ఇంతకన్న మంచి సంబంధం సోలాపూర్‌ల దొర్కుతదా?"

ఆదివారానికి ఖాయమైంది. కొబ్బరికాయ, రవికె గుడ్డ చేతులు మారాయి. "ఇది నా నలభైనాలుగో మాట" అని సుందరాబాయి లేచింది. తిరిగొచ్చేసరికి గల్లీ గల్లీ అంతా తెలిసిపోయింది. పుట్టబోయే కూనల్లో ఎవరికి మగది, ఎవరికి ఆడది అని పంపకాలు కూడా మొదలయ్యాయి. మొదటి పేరు పార్వతీబాయిది. ఆమె మొగుడు పోయాడు, కొడుకు లారీ మీద తిరుగుతాడు, ఒక్కగానొక్క కూతురికి కిందటేడే లగ్గమైంది. మాట్లాడే ప్రాణి లేని ఇల్లు. "అక్కా, మొదటిది నాకే, మాటియ్యి" అంది. సుందరాబాయి మాటిచ్చేసింది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని సిద్ధరాములు కండెలు చుట్టే రాట్నం తిప్పుతూ గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

గురువారం సాయంత్రం గంగాధర్ వచ్చాడు. గల్లీ చివరింటి పెంటప్ప కొడుకు, పరభణిలో చదువుకుని పశువుల డాక్టరయ్యాడు. అతని కోసం సుందరాబాయి దగ్గర మూడు సంబంధాలు సిద్ధంగా ఉన్నాయి. అందుకే ఆమె కనిపిస్తే అతను పక్క గల్లీలోంచి పోతాడు. ఈసారి తనే కబురు పెట్టింది గనక తప్పలేదు.

"గంగాధరా, ఆదివారం మా చింగి లగ్గం. బలానికి ఏదన్న సూది ఇయ్యి బిడ్డా."

అతను చింగిని ఒళ్లోకి తీసుకున్నాడు. పళ్లు చూశాడు, నడుము తడిమాడు, వెనక కాళ్లు మెల్లగా వంచి చూశాడు.

"పది నెలలు గూడ సక్కగ నిండలే గదవ్వ. ఇదే మొదటి ఎద. దీని ఎముకలింక గట్టివడలే, నడుము పిడికెడు లేదు. ఇప్పుడు చూలైతే కూన అడ్డం తిరిగి ఇదీ పోతది, కూనలూ పోతయి. ఈ ఎద ఇడిచిపెట్టు, వచ్చేదీ ఇడిచిపెట్టు. రెండేండ్లు దాటినంక సూద్దం."

"రెండేండ్లా! పిల్ల ముదురుతది గదరా!"

"ముదరనియ్యి, మంచిదే. పిల్లగాడెవడు?"

"సొంత మేనమామ. లక్ష్మణ్ ఇంటి మోతీ" అని గర్వంగా చెప్పింది.

గంగాధర్ నవ్వబోయి ఆగిపోయాడు. "అవ్వా, ఆ మూడు కాళ్ల మోతీనా? అది డాన్సు గాదు. దాని మోకాలి చిప్ప జారుతది, అందుకే కాలెత్తుకుంటది. అది రక్తంల వచ్చే జబ్బు. బిజిలీకి బైటికి కనవడదు, చింగికీ కనవడకపోవచ్చు. లోపల దాగి ఉంటది. ఒకటే రక్తం ఇటునుంచి, అటునుంచి వచ్చి కలిస్తే దాగింది బైటవడుతది. వట్టి కాలేనా, ఇంకేమేం దాగున్నయో ఎవరికెరుక? కుక్కలకు బయటి సంబంధమే మంచిది. మేనమామ వద్దే వద్దు."

ఇంక చూడాలి సుందరాబాయి కోపం. చాట పక్కకు తోసింది. చుట్టిన బీడీలు దొర్లిపోయాయి.

"ఓరి నీ సదువు సట్టుబండలు గాను! మేనమామను చేస్కుంటె తప్పా? నేను చేస్కోలే? గీ రాట్నం కాడ కూసున్నాయన ఎవరనుకున్నవు? మా అమ్మ తమ్ముడు! ముప్పైమందికి మేనరికాలు నా చేత్తోని కుదిర్చిన, అందరు సల్లగున్నరు. నిన్నగాక మొన్న సదివొచ్చి నాకు రక్తం సంగతి చెప్తవా?"

గంగాధర్ తల దించుకున్నాడు. రాట్నం ఆగింది.

"పిల్లా, మల్లేశం సంగతి గూడ చెప్పు" అన్నాడు సిద్ధరాములు.

ఆ పేరు ఆ ఇంట్లో ముప్పై అయిదేళ్లకు పైగా వినపడలేదు.  నలభైమూడు లగ్గాలు కుదిర్చిన సుందరాబాయి నోరు ఆ సంగతి చెప్పడానికి మాత్రం పనికిరాలేదు. చెప్పింది సిద్ధరాములే, కండెల వైపు చూస్తూ, ఒక్కో ముక్కా.

మల్లేశం వాళ్ల మొదటి కొడుకు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. ఆరు నెలలైనా మెడ నిలబడలేదు. ఏడాదైనా కూర్చోలేదు. మూడేళ్లు తల్లి భుజం మీదే బతికి, ఆ భుజం మీదే పోయాడు. తర్వాత ఆడపిల్ల యల్లమ్మ, ఆమెదీ అదే కథ, ఏడాదిన్నరలో ముగిసింది. మూడో కాన్పు సావిత్రి. సావిత్రి నిక్షేపంగా ఉంది. భివండీలో ముగ్గురు పిల్లల్ని పెంచుతూ మొగుణ్ణి అదుపులో పెడుతోంది.

"ఎందుకట్లైందని మా అమ్మను అడిగితే, గ్రహణం అన్నది" అని ఆగాడు సిద్ధరాములు.

అప్పుడు సుందరాబాయి అందుకుంది.  "మల్లేశం కడుపుల ఐదో నెల. సూర్యగ్రహణం వచ్చింది. కడుపుతోని ఉన్నది గ్రహణంల ఏదీ కొయ్యొద్దంటరు గద. నేను మర్శిపోయిన బిడ్డా. తెల్లారి బీడీలు ఇయ్యాలె, ఆకు కొయ్యనీకి కూసున్న. పది ఆకులు కోసినంక మా అమ్మమ్మ సూసి కత్తెర గుంజుకున్నది. మా అత్తన్నా, అమ్మమ్మన్నా ఆమెనే. తర్వాత పిల్లగాని మెడ నిలవడకపోతే, నువ్వు కోసింది ఆకు గాదు, బిడ్డ మెడ అన్నది. యల్లమ్మకూ ఆ దోషమే అంటుకున్నదన్నది. ఆ కత్తెర బాయిల పడేసిన. మల్ల పట్టలే."

గంగాధర్ చింగిని ఒళ్లోంచి కిందికి దించాడు.

"అవ్వా, నేను పశువుల డాక్టర్ను. ఆ పిల్లలను సూడలేదు, వాళ్లకేమైందో గట్టిగ చెప్పలేను. రక్తం కలిసినందుకే అని గూడ చెప్పలేను. మేనరికమైనోళ్లందరికి గట్ల గాదు, సావిత్రక్క లేదా? గని ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్త. ఆకు కోస్తే కాలే. గ్రహణానికి, కత్తెరకు, కడుపుల బిడ్డ మెడకు ఏం సంబంధం లేదు. నువ్వేం చెయ్యలేదవ్వ."

సుందరాబాయికి ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఎప్పుడో పోయిన అమ్మమ్మ మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటుంది? గంగాధర్ మాట నమ్మాలని ప్రాణం కొట్టుకుంది గానీ నమ్మకం రాలేదు. నలభై ఏళ్లు తప్పు నాదేనని మోసిన మనిషికి, కాదు పొమ్మంటే ఎటు పోవాలో తెలియదు. లేచి నల్లా దగ్గరికెళ్లి ముఖం కడుక్కుంది. చింగి తడి నేల మీద ఆమె వెంటే నడిచి, ఆమె చీర కుచ్చిళ్ల దగ్గర కూర్చుంది. దానికేసి చూస్తే ఒక్కటి మాత్రం తేలిపోయింది. తన సంగతి దేవుడెరుగు, దీని కడుపున మెడ నిలవని బిడ్డ పుట్టొద్దు.

శనివారం కొబ్బరికాయ, రవికె గుడ్డ తీసుకుని లక్ష్మణ్ ఇంటికి వెళ్లింది. జీవితంలో మొదటిసారి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి.

"నాది తప్పు లక్ష్మణ్. చింగి పసిది. పైంగ ఒకటే రక్తం. సుందరాబాయి మాట తప్పిందని నలుగురికీ చెప్పుకో, నేనేం అనుకోను. మోతీని మాత్రం గంగాధర్‌కు సూపియ్యి. దాని కాలు నొస్తున్నది, మనం నవ్వుతున్నం."

లక్ష్మణ్ ముఖం మాడ్చుకున్నాడు. కుక్కల లగ్గానికి ఇంత పంచాయితీయా అన్నాడు. టీ ఇవ్వలేదు. ఆమె ఖాళీ కడుపుతో రిక్షా ఎక్కి వచ్చేసింది.

గల్లీలో నవ్వులు నాలుగు రోజులు నడిచాయి. ఆ ఎద దాటేదాకా ముసలాళ్లిద్దరూ వంతులవారీగా చింగికి కాపలా కాశారు. దీపావళి తర్వాత మళ్లీ ఎదకొచ్చినప్పుడూ అంతే. ఒకరోజు ఎర్రకుక్క ఒకటి వెనక గోడ దూకి లోపలికొస్తే, సిద్ధరాములు చింగిని భుజానికెత్తుకుని మంచం ఎక్కి నిలబడి "పిల్లా! పిల్లా!" అని కేకలు పెట్టాడు. ఆ కేక ఇప్పటికీ నీలం నగర్‌లో చెప్పుకుని నవ్వుతారు.

ఈ లోపల సుందరాబాయి ఊరికే కూర్చుందనుకున్నారా? గంగాధర్ ఒక మాట అన్నాడు, ముందు ఇండ్లు చూసుకో, తర్వాతే కూనల మాట అని. ఇండ్లు చూడటం ఆమెకు ఒకరు నేర్పాలా! పిల్ల కావాలని పేరిచ్చిన ప్రతి గడపా ఎక్కింది. లింగయ్య పవర్‌లూమ్ షెడ్డు దగ్గర కట్టేస్తానన్నాడు. "ఆ చప్పుడుకు నీ చెవులే వొయినయి, దాని గుండె వోతది" అని కొట్టేసింది. ఇంకొకాయన ఆరు నెలలకోసారి ఈనిపించి పిల్లల్ని అమ్ముకుంటానన్నాడు. "మా పిల్లనిచ్చేది సంసారానికి, కార్ఖానాకు గాదు" అని లేచి వచ్చేసింది. చివరికి మూడు ఇండ్లు నిలిచాయి. వాటిలో మొదటిది పార్వతీబాయిది.

వరుణ్ణి గంగాధరే చూపించాడు. హోట్గి రోడ్‌లో రిటైరైన రైల్వే గార్డు ఇంట్లో షేరూ అని మూడేళ్ల తెల్లకుక్క. మిరజ్ నుంచి తెచ్చారట. ఎన్ని తరాలు వెనక్కెళ్లినా చింగికి ఏ వరసా తగలదు. సుందరాబాయి పట్టుచీర కట్టుకుని వెళ్లింది. షేరూను అటూ ఇటూ మూడుసార్లు పరిగెత్తించి నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసింది. తోక పట్టుకుంది, చెవి పట్టుకుంది, కరుస్తాడేమోనని తింటున్న గిన్నె లాక్కుంది. షేరూ ఆమె చేయి నాకాడు. సూదులన్నీ వేయించారా, అమ్మానాన్నలకు రోగాలేమైనా ఉన్నాయా అని మరాఠీలో గుచ్చి గుచ్చి అడుగుతుంటే గార్డు సాహెబు, నా లగ్గానికి కూడా ఎవరూ ఇన్ని అడగలేదమ్మా అన్నాడు. "అడగవలసింది" అంది సుందరాబాయి. ఆయన భార్య లోపలినుంచి పకపకా నవ్వింది.

తొంభైఅయిదు శ్రావణంలో, మార్కండేయస్వామి రథోత్సవం దాటిన పన్నెండో రోజు, చింగి హోట్గి రోడ్ వెళ్లొచ్చింది. అప్పటికి దానికి రెండేళ్లు దాటాయి, ఒళ్లు గట్టిపడింది. నెల తిరిగేసరికి గంగాధర్ పొట్ట తడిమి, చూలే అన్నాడు. సుందరాబాయి తన పాలు మానేసి దానికి పోసింది. సిద్ధరాములు రోజుకొక గుడ్డు ఉడకబెట్టి తన చేత్తో తినిపించాడు. పెళ్లాం చూడకుండా రెండోది కూడా తినిపించేవాడని తర్వాత తెలిసింది. ఇరవై ఏళ్లుగా నేయని మగ్గం ఒకటి ఆ ఇంట్లో మిగిలి ఉంది. నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంతలో చింగి పదే పదే దిగి గోకుతుంటే, ఆయన అందులో పాత చద్దర్లు పరిచి మెత్తటి పక్క చేశాడు.

నెలలు నిండాయని తెలిసి గంగాధర్ ఒకరోజు కూర్చుని అంతా నేర్పాడు. కూన పొరతో వస్తే చింగే నాకి చింపుతుంది, బొడ్డుపేగు అదే కొరుకుతుంది. అది అలసిపోయి వదిలేస్తే మాత్రం పొర మనం చింపాలి, ముక్కు, నోరు తుడవాలి. బొడ్డుకు అంగుళం దూరంలో దారం కట్టి, కట్టిన ముడికి అవతల కోయాలి. కత్తెర వేడినీళ్లలో మరిగించాలి. కత్తెర అనగానే సుందరాబాయి మొగుడి వైపు చూసింది. సిద్ధరాములు వెళ్లి పార్వతీబాయి పాత కత్తెర ఒకటి అడిగి తెచ్చి, మరిగించి, గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడు.

ఇక దేవుడి లీల చూడండి. దీపావళి తెల్లవారే సూర్యగ్రహణం. ఊరు ఊరంతా తలుపులు మూసుకుంది. నీళ్ల బిందెల మీద దర్భలు పడ్డాయి. పొయ్యిలు వెలగలేదు. సరిగ్గా ఆ పొద్దునే చింగికి నొప్పులొచ్చాయి.

మొదటి కూన ఏడున్నరకు వచ్చింది. చింగి కంగారుపడినా పొర చింపి, బొడ్డు కొరికి, నాకి నాకి ఆరబెట్టింది. రెండోదీ అలాగే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చింగి ఒగరుస్తూ పక్కకు వాలిపోయింది. సిద్ధరాములు లేచి చెప్పులు వేసుకున్నాడు.

"గ్రహణంల ఏడికి మామా?"

"గంగాధర్‌ను తీస్కొస్త" అని ఆ మసక వెలుగులోకి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తలుపు చప్పుడు విని ఎదురింటి పార్వతీబాయి కొంగు నెత్తిన కప్పుకుని పరుగెత్తుకొచ్చింది.

అప్పుడే మూడోది జారింది. పెద్ద కూన. పొరలోనే ఉంది, కదలడం లేదు. చింగి తలెత్తి చూసి, మళ్లీ వాల్చేసింది. సుందరాబాయి గుంతలోకి దిగి వేళ్లతో పొర చింపింది. కొంగుతో ముక్కు తుడిచింది, నోట్లో జిగురు తీసింది. ఊపిరి లేదు. రుద్దుదామని ఎత్తబోతే బొడ్డుపేగు ఇంకా తల్లి లోపలే పట్టుకుని ఉంది. ఎత్తితే తెగి రక్తం కారుతుంది, ఎత్తకపోతే రుద్దడానికి లేదు.

"పార్వతీ, గూట్ల కత్తెరున్నది, తే!"

పార్వతీబాయి కత్తెర తీసింది, చేతికి మాత్రం ఇవ్వలేదు. "అక్కా, వద్దు. బయట గ్రహణం పట్టున్నది. కడుపుల ఇంకొకటున్నదేమో. డాక్టర్ రానియ్యి, నీ కాల్మొక్త."

 సుందరాబాయికి ఆ పది ఆకులూ కళ్ల ముందు కనిపించాయి. అమ్మమ్మ గొంతు చెవి పక్కనే వినిపించింది. బిడ్డ బరువు కూడా గుర్తొచ్చింది, మూడేళ్లు మోసిన ఆ భుజానికి. అరచేతిలో కూన నీలంగా తిరుగుతోంది. డాక్టరొచ్చేదాకా అది ఆగదు. గంగాధర్ చెప్పింది నిజమేనా అని తేల్చుకునే తీరిక లేదు. కానీ ఏమీ చేయకుండా చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో మాత్రం ఆమెకు తెలుసు.

"ఆకు కోస్తే నా కొడుకు పోలేదే, పార్వతీ! నా కొడుకును నేను సంపలే! తే ఇటు!" అని అరిచింది. అరిచాక గానీ ఆ మాట తను నమ్మిందని ఆమెకు తెలియలేదు.

కత్తెర చేతికొచ్చింది. చాటలోని బీడీల దారం తీసి, బొడ్డుకు అంగుళం దూరంలో రెండు చుట్లు చుట్టి బిగించింది. రోజుకు వెయ్యి ముడులు వేసే వేళ్లు, ఆ ఒక్క ముడి దగ్గర తడబడలేదు. అవతల కోసింది. కూనను పాత చద్దరు ముక్కలో పెట్టి రుద్దింది, తల కిందికి వంచి మళ్లీ రుద్దింది. "లే నాయినా, లే నా తండ్రీ, లే" అంటూ రుద్దుతూనే ఉంది. పార్వతీబాయి ఏడుస్తూ దేవుళ్లందరినీ పిలుస్తోంది. కూన ఒకసారి నోరు తెరిచింది. మళ్లీ తెరిచింది. మూడోసారి కీచుమంది.

గంగాధర్ వచ్చేసరికి ఆ కూన రెండోదాన్ని తన్ని పాలు తాగుతోంది. సిద్ధరాములు గోడకానుకుని ఆయాసపడుతున్నాడు. నాలుగోది డాక్టరు చూస్తుండగానే తేలిగ్గా వచ్చింది. గంగాధర్ మూడో కూన బొడ్డు చూసి నవ్వాడు.

"ఎవరు కట్టిండ్రవ్వా దీన్ని? బీడీ ముడి ఉన్నది!"

"నేనే. కోసింది గూడ నేనే" అంది సుందరాబాయి, మొగుడి వైపు చూస్తూ.  సిద్ధరాములు వచ్చి ఆమె పక్కన గుంత అంచున కూర్చుని, ఆమె ఒళ్లో ఉన్న కత్తెర తీసి పక్కన పెట్టి, ఆమె చేయి పట్టుకున్నాడు. డాక్టరు, పార్వతీబాయి చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఇద్దరూ ఏడ్చారు.

కూనల్ని రెండు నెలలు నిండందే ఇవ్వనంది సుందరాబాయి. మూడోది నాకే కావాలని పార్వతీబాయి పట్టుబట్టింది, కత్తెర ఇవ్వనన్నది తనే అయినా. నాలుగోదాని కోసం ఎవరొచ్చారనుకున్నారు? లక్ష్మణ్. మోతీని ఎప్పుడో గంగాధర్‌కు చూపించాడట, దాని కాలి నొప్పి ఇప్పుడు తగ్గిందట. ఈసారి ఆమే టీ ఇవ్వకుండా ఒక అరగంట కూర్చోబెట్టి, తర్వాత ఇచ్చింది. చింగికి ఈ ఒక్క కాన్పు చాలని, కూనలు పాలు మరిచాక ఆపరేషన్ చేయించాలని కూడా అనుకున్నారు.

అదంతా తర్వాతి మాట. గ్రహణం మర్నాడు పొద్దున పార్వతీబాయి ఎప్పట్లాగే ఆకుల కట్ట, కత్తెర పట్టుకుని వచ్చి కూర్చుంది. సుందరాబాయి చేయి చాపి కత్తెర తీసుకుంది. ఒక ఆకు తీసి, రేకు కొలత పెట్టి, మెల్లగా కోసింది. వంకరగా వచ్చింది.

"నలభై ఏండ్లాయె గదా, మర్శిపోయిన" అంది.

"ఫికర్ చెయ్యకక్కా, కొలత జరగకుండ పట్టు" అంది పార్వతీబాయి, కాస్త పక్కకు జరిగి చోటిస్తూ.

రెండోది కోసింది, మూడోది కోసింది. పది దాటాయి. మగ్గం గుంతలో కూనలు కీచుకీచుమంటున్నాయి. సుందరాబాయి పదకొండో ఆకు అందుకుంటూ, ఎవరూ అడగకుండానే, మల్లేశం గురించి చెప్పడం మొదలుపెట్టింది. వాడు పోయిన సంగతి కాదు. వాడు నవ్వితే ఒక్క బుగ్గ మీదే సొట్ట పడేదని, అక్కడినుంచి మొదలుపెట్టింది.